రత్నం గారు చెరపనివ్వని బుడిపె

మేముండే ఎడారి ఊరు చాండ్లర్‌లో వాన రావడమే అపురూపం. వచ్చే ముందు ఎడారి పొదల నుంచి ఒక ఘాటైన వాసన లేస్తుంది. నిన్న సాయంత్రం ఆఫీస్ పార్కింగ్‌లో ఆ వాసన తగలగానే రత్నం గారు గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదు, ఆవిడను సాగనంపిన వాళ్ల మీద. ఇలాంటి వాన ముందే ఆవిడ తన సామాను కారులో పెట్టుకుని వెళ్లిపోయారు.

రత్నం గారిది భీమవరం దగ్గర. ఇక్కడ నా మొదటి బాస్. ఆదివారం తెలుగు చర్చిలో పాటలు పాడించేవారు, సోమవారం మా చేత కన్నీళ్లు పెట్టించేవారు. మెదడులో రక్తనాళం ఒక్కోసారి ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. పగిలితే ప్రాణం మీదికొస్తుంది, ఆపరేషన్ కూడా ప్రమాదమే. స్కాన్‌ను బట్టి ఆ నాళాన్ని కంప్యూటర్‌లో కట్టి, లోపల రక్తం ఎలా పారుతోందో లెక్కగట్టడం మా పని. మోడల్‌ను అసలు స్కాన్ పక్కన పెట్టి పొర పొరా పోల్చి చూస్తే తప్ప ఆవిడ రన్ చేయనిచ్చేవారు కాదు. తెర మీద రంగుల్లో పారే రక్తాన్ని చూడాలని నేను తొందరపడితే, "రంగులు తర్వాత చూద్దువుగాని అమ్మాయ్, ముందు మనిషిని చూడు" అనేవారు.

ఒకసారి స్కూల్ బస్సు నడిపే ఒకామె స్కాన్ వచ్చింది. ఆపరేషన్ చేయాలో, ఆగి చూడాలో తేల్చుకోలేక డాక్టర్లు మా లెక్క అడిగారు. లెక్క త్వరగా తెమలాలని మా సాఫ్ట్‌వేర్ నాళం గోడను తనంతట తానే నున్నగా చేసేసేది. మోడల్‌లో రక్తం ప్రశాంతంగా తిరుగుతోంది. అందరం హమ్మయ్య అనుకున్నాం. ఆ రోజు సెలవులో ఉన్న రత్నం గారు మర్నాడు వచ్చి, స్కాన్ తెరిచి ఒకచోట వేలు పెట్టారు. ఉబ్బు మీద మరో చిన్న బుడిపె. మోడల్‌లో అది లేదు.

"ఎవరు తీసేశారే దీన్ని?"

"ఎవరూ తీయలేదండీ, స్మూతింగ్‌లో పోయింది."

"పోయిందా! ఆవిడ తలలోంచి పోయిందా, మన స్క్రీన్ మీంచి పోయిందా?"

స్మూతింగ్ ఆపించి మళ్లీ రన్ చేయించారు. ఈసారి రక్తపు ధార తిన్నగా వచ్చి ఆ బుడిపె దగ్గరే కొడుతోంది.

మా డైరెక్టర్ శ్రీధర్ కూడా మనవాడే, వరంగల్ వైపు. పరుగెత్తుకొచ్చాడు. "స్కాన్‌లో నాయిస్ అది మేడమ్, నిజం బుడిపె కాదు. మొదటి రిపోర్టే సైన్ చేసి పంపుండ్రి. ఇప్పుడు స్మూతింగ్ తప్పంటే ప్రొడక్ట్ మొత్తం మీద డౌట్ వస్తది."

"నాయిసో కాదో డాక్టర్లు చెప్తారు. రెండూ పంపుతాను."

"మీ గ్రీన్ కార్డ్ ఫైల్ మా దగ్గరనే ఉన్నది, యాదిల పెట్టుకోండ్రి."

రత్నం గారు నిదానంగా లేచి, "ఉంచుకో బాబూ. అబద్ధం మీద నేను సైన్ చేయను" అన్నారు. మొదటిదాంట్లో బుడిపె చెరిగిపోయిందని రాసి, రెండు రిపోర్టులూ పంపేశారు. బుడిపె నిజమేనని సర్జన్ ఫోన్ చేశాడు. ఆపరేషన్ జరిగింది, ఆమె మళ్లీ బస్సు నడుపుతోందని కూడా తెలిసింది. కొన్నాళ్లకే రత్నం గారి పోస్టు ఇక అక్కర్లేదని తేల్చేశారు. ఎంత సిగ్గులేనితనం! కారు దగ్గర నేను ఏడుస్తుంటే ఆవిడే నన్ను కసిరారు. "ఏడుపెందుకే? నేనేమైనా ఓడిపోయానా?" ఇప్పుడు అల్ఫారెట్టా అనే దూరపు ఊళ్లో ఇంకో కంపెనీలో నాలాంటి వాళ్లను ఏడిపిస్తున్నారట. ఏడిపించనివ్వండి.

నిన్న మా కొత్త డైరెక్టర్, డెడ్‌లైన్ దగ్గరపడింది కాబట్టి స్కాన్‌తో పోల్చకుండానే ఒక రిపోర్టు మీద సైన్ చేయమన్నాడు. చేయనన్నాను. "వీసా ఎక్స్‌టెన్షన్ టైంలో ఈ గొడవ నీకు అవసరమా?" అని పక్క సీటు స్నేహితురాలు నా చెవిలో గొణిగింది. అవసరమే. ఆ స్కాన్‌లో ఉన్న మనిషి నా వీసా కోసం చావనక్కర్లేదు. వీసా ఆపుతారా, ఆపుకోనీ. సంతకం మాత్రం నాది.