మామయ్యగారి పలకరింపు

మా అమ్మాయి ప్లాస్టిక్ కవర్లోకి ముక్కుతో గట్టిగా ఊది, శాబాష్ అనిపించుకుని, బెల్లం ముక్క కోసం నోరు తెరిచినప్పుడు నాకింకా భయం వెయ్యలేదు. నవ్వొచ్చింది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి, నల్లగండ్లలో మా ఫ్లాట్ హాల్లో, మామయ్యగారు సోఫా అంచున కూర్చుని మనవరాలిని ఏనుగును చేసి ఆడిస్తున్నారు. ఆయన ఉఠా అనగానే అది కుడిచెయ్యి ముక్కుకి ఆనించి తొండంలా పైకెత్తాలి. ఆయన ఉత్తుత్తి గొట్టంతో అందులో ఉప్పునీళ్లు పోస్తారు. ఆయన ఐదు లెక్కపెట్టేదాకా కదలకుండా ఉండి, తర్వాత చెయ్యి దించి కవర్లోకి బుస్సుమని ఊదాలి. వెనకాల మా మూడేళ్ల వాడు తన వంతు ఎప్పుడని గునుస్తున్నాడు. నేను టీ తెస్తూ, ఇదేం ఆటండీ అని అడిగాను. ఆట కాదట. పార్కులో ఏనుగుకు ఆయన నేర్పిన పనట. తొండంలోంచి వచ్చిన ఆ నీళ్లను సీసాలో పోసి ల్యాబుకు పంపుతారట. దేనికని అడిగాను.

"టీబీ ఉన్నదా ఏందని చూస్తరమ్మా."

"ఏనుక్కి టీబీ ఎలా వస్తుందండీ?"

"మననుంచే. మనుషుల దగ్గరుండి మనుషుల జబ్బు తెచ్చుకుంటది పాపం" అన్నారు. అని, దగ్గారు.

దగ్గు కొత్తదేం కాదు, నెల పైనే అయింది. దగ్గి, నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తియ్యకుండా ఆయన నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. మధ్యలో పిల్ల ఇంకా నోరు తెరుచుకునే ఉంది. అప్పుడు వేసింది భయం.

ఈ రాత్రి ఇదంతా రాయడానికి కూర్చోవడానికి కారణం ఫోన్లో మోగిన రిమైండర్. పిల్లల మాత్రలు రేపటితో అయిపోతాయి. ఆరు నెలలు, రోజుకొకటి, తేనెలో నూరి పెట్టిన మాత్రలు. నీళ్ల ఫిల్టరు ఎప్పుడు మార్చాలో, పిల్లల గోళ్లు ఎప్పుడు తియ్యాలో కూడా ఫోన్లో రాసుకునే మనిషిని నేను. గచ్చిబౌలి ఆఫీసులో నా టీము వాళ్లు నన్ను చూసి నవ్వుకునేది అందుకే. అంత జాగ్రత్త ఉన్నదాన్ని, ఇంట్లో నెలరోజులు దగ్గు వినిపిస్తుంటే పట్టించుకోలేదు. మా చుట్టూ నాలుగు వైపులా టవర్లు లేస్తున్నాయి. కోకాపేట నుంచి వచ్చే గాలి నిండా సిమెంటే. ఇక్కడ దగ్గని వాళ్లెవరు? మామయ్యగారు కూడా గడ్డి దుమ్మని, ఏసీ అని రోజుకొక పేరు పెట్టుకున్నారు.

ఆయన ముప్ఫై ఎనిమిదేళ్లు జూలలో ఏనుగులను చూసుకున్న మనిషి. గడ్డి కోసే కూలీగా చేరి, కీపరై, చివరికి వేరే ఊళ్ల జూల వాళ్లు కూడా మొండికేసిన ఏనుగులకు పాఠం చెప్పమని పిలిపించుకునేంత వాడయ్యారు. మొదట్లో అందరిలాగే అంకుశం పట్టారు. యాభై దాటాక ఎవరో డాక్టరు కొత్త పద్ధతి చూపిస్తే అంకుశం అటక మీద పెట్టేసి, కర్ర చివర బంతి కట్టుకుని, కమ్మీల ఇవతల నిలబడి, బంతికి తొండం తగిలించినప్పుడల్లా అరటిపండు ఇవ్వడం నేర్చుకున్నారు. కొట్టి నేర్పితే నువ్వున్నంతసేపే వింటుంది, ఇచ్చి నేర్పితే నువ్వు లేకపోయినా వింటుంది అని అనేవారు. మా వాడికి అన్నం తినిపించడంలో ఆ పద్ధతి నేనూ వాడాను. ఏనుగంత బాగా వాడు నేర్చుకోలేదు.

ఆయన రిటైరైన ఏడాదే, జూలో ఇరవై ఏళ్లుగా ఆయన చేతి మీద పెరిగిన ఆడ ఏనుగును వికారాబాద్ దారిలో ఒక ట్రస్టు నడిపే చిన్న పార్కుకు పంపేశారు. దాని వెనకాలే ఆయనా చేరిపోయారు. పొద్దున్నే ఖాకీ చొక్కా వేసుకుని మొదటి బస్సుకు బయల్దేరేవారు. ఆ చొక్కా చూసి మా అపార్ట్‌మెంట్లో కొత్తగా దిగినాయన ఒకరు కారులోంచి హారన్ కొట్టి గేటు ఎత్తమన్నారట. ఈయన వెళ్లి ఎత్తి, సలాం కూడా కొట్టి వచ్చారు. మా ఆయనకు కోపమొస్తే, "ఏనుగుకు తలుపు తీసినోణ్ణి, కారుకు తియ్యనా?" అన్నారు.

నా పెళ్లి కుదిరినప్పుడు కాకినాడలో మా అమ్మ సంబరపడిన విషయం ఒకటే, ఆడపడుచు లేని ఇల్లని. ఏనుగు సంగతి ఎవరూ చెప్పలేదు. మామయ్యగారు దాన్ని 'బిడ్డ' అంటారు. ఆయన బిడ్డ అయితే మా ఆయనకు చెల్లెలు, నాకు ఆడపడుచు, నా పిల్లలకు మేనత్త. ఈ వరస తేల్చింది మా అమ్మే. తేల్చి ఊరుకోకుండా ఆడపడుచు లాంఛనమని రెండు అరటిగెలలు కొని పార్కుకు పంపింది. తొక్కలతో సహా తినేసిందని, ఇంత పేచీ లేని ఆడపడుచును తానెక్కడా చూడలేదని ఇప్పటికీ చెబుతుంది. నా పిల్లలు దాన్ని 'అత్త' అనే అంటారు. స్కూల్లో మా అత్త మూడున్నర టన్నులుంటుందని చెప్పి మా అమ్మాయి ఒకసారి టీచరు చేత అక్షింతలు వేయించుకుంది.

ఏనుగును పలకరించడానికి ఒక పద్ధతుంది. మావటీలలో పాతవాళ్లందరూ చేస్తారట. పొద్దున్న దగ్గరికి వెళ్లగానే అది తొండం చివర మన ముఖం ముందు పెడుతుంది. మనం అందులోకి మెల్లగా ఊదాలి. మన ఊపిరి వాసన చూసుకుని అది తిరిగి మన మీద ఊదుతుంది. వెచ్చగా, పచ్చిగడ్డి వాసనతో. అదే నమస్తే. మామయ్యగారు ఆ అలవాటు ఇంటికీ తెచ్చుకున్నారు. పార్కు నుంచి వచ్చి, స్నానం చేసి, పిల్లల ముఖాల మీద ఒకసారి ఉఫ్ అని ఊదేవారు. వాళ్లు కళ్లు మూసుకుని కిలకిలా నవ్వేవారు. పుట్టిన పదకొండో రోజు నుంచీ అంతే. నాకు అది మొదటి రోజు నుంచీ ఇష్టం లేదు. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. పెద్దాయన, తల్లి లేని కొడుకును అలాగే ఊది పెంచుకున్నాయన, ఏమని చెప్పను? మా ఆయనతో చెప్పించుదామనుకున్నాను. ఏడేళ్లు అనుకుంటూనే ఉన్నాను.

సోమవారం దవాఖానకు వెళ్లాం. ఎక్స్‌రే, కఫం. టీబీయే. డాక్టరు మందు చీటీ రాస్తుండగానే మామయ్యగారు ఫోను తీసి, ముందు పార్కు డాక్టరమ్మకు చెప్పాలన్నారు. తన మొదటి మాత్ర ఇంకా మింగలేదు. పిల్లలిద్దరికీ, మాకూ పరీక్షలు చేశారు. జబ్బు ఎవరికీ లేదు, కాని పిల్లలకు ముందుజాగ్రత్తగా ఆరు నెలలు మందు వెయ్యాలన్నారు. ఆయన బాల్కనీ ఉన్న గదిలోకి మారారు. పళ్లెం, గ్లాసు వేరే పెట్టమని ఆయనే అడిగారు. అక్కర్లేదని డాక్టరు చెప్పినా వినలేదు. రెండు మూడు వారాలు మందు పడ్డాక మీ నుంచి మనుషులకు అంటుకోదని చెప్పారు. మరి ఏనుక్కి అని ఆయన అడిగారు.

పార్కు వాళ్లు ఆయన్ను రావద్దన్నారు. ఏనుగుకు వెంటనే పరీక్ష చెయ్యాలన్నారు. దానికోసమే ఎనిమిది నెలలు కూర్చుని ఆయన ఆ పని నేర్పారు. ఒక రోజు ఒక చెంచా నీళ్లు, మర్నాడు రెండు. కాని రెండో కీపరు గొట్టం పట్టుకుని వెళితే అది తొండం చుట్టేసుకుని గేటు వైపు తిరిగి నిలబడింది. నువ్వు లేకపోయినా వింటుందన్న మాట అబద్ధమైంది. వీడియో కాల్ పెట్టి చూద్దామని డాక్టరమ్మే అంది. "ఇగ నాయినకు గూడ వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చిన్రు" అని మా ఆయన నవ్వించబోయాడు. కెమెరా నా ల్యాప్‌టాప్‌దే. గది బయట నిలబడి నేనూ చూశాను. మామయ్యగారు ఉఠా అన్నారు. అంతే, ఆ ఏనుగు తొండం నిటారుగా ఎత్తి, ఫోను పట్టుకున్న కీపరు వెనక్కి, పక్కలకి, గోడ అవతలికి వెతకడం మొదలుపెట్టింది. దాని కడుపులోంచి వచ్చే చప్పుడుకు స్పీకరు గరగరలాడింది. ఆ రోజంతా మేత ముట్టలేదు. మూడో రోజు ఆయనే ల్యాప్‌టాప్ మూసేశారు.

"ఇగ వద్దమ్మా. దాన్ని మోసం జేస్తున్నట్టున్నది."

తర్వాతి శనివారం నన్ను వెళ్లమన్నారు. మా ఆయన్ను కాదు, నన్ను. ఆడమనిషి గొంతుకు అది నిమ్మళంగా ఉంటుందన్నారు, రోజూ నా చేతి వంట తిన్న వాసన తన మీద ఉండేది కనక అది నన్ను కొంత ఎరుగునన్నారు. వెళ్లాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆడపడుచును అంత దగ్గరగా చూడటం అదే. కమ్మీల అవతల నుంచి తొండం వచ్చి నా చీర కొంగు చూసింది, చెప్పులు, బ్యాగు చూసింది, పైకి వచ్చి నా ముఖం ముందు ఆగింది. తడిగా, గులాబీ రంగు మచ్చలతో, నా ముక్కుకి జానెడు దూరంలో.

"ఊదుండ్రమ్మా, అప్పుడే నమ్ముతది" అన్నాడు రెండో కీపరు.

వద్దు మేడమ్ అని డాక్టరమ్మ వారించింది. ఆమె వారించకపోయినా నేను ఊదేదాన్ని కాదు. అప్పటికే ఒక అడుగు వెనక్కి వేసేశాను. నా పిల్లలు గుర్తొచ్చారు. తొండం గాల్లో అలాగే కాసేపు ఉంది, మర్యాద తెలిసిన మనిషి గుమ్మంలో నిలబడి ఇంకోసారి పిలుస్తారేమోనని చూసినట్టు. తర్వాత దిగిపోయింది. నేను ఏదో ఒకటి చెయ్యాలి కదా అని, మా అమ్మాయి ఆటలో విన్నట్టే ఉఠా అన్నాను. అది నన్ను చూసింది. ఎందుకో మరి, ఎత్తింది. కీపరు గబగబా నీళ్లు పోశాడు. కవరు నిండింది. అరటిపండు ఇస్తే తీసుకోలేదు.

ఇంటికొచ్చి మామయ్యగారికి అంతా చెప్పాను, వెనక్కి వేసిన అడుగు తప్ప. ఆయన అదే అడిగారు, పలకరించిందా అని. పలకరించిందండీ అన్నాను.

ఆ నీళ్లలో ఏముందో తేలడానికి రెండు నెలలు పడుతుందన్నారు. ఆఫీసులో ఏ రిపోర్టయినా సాయంత్రంలోగా కావాలని నిలదీసే నేను ఆ రెండు నెలలూ ఎవరినీ ఏమీ అడగలేకపోయాను. ఆయన దగ్గు తగ్గింది, బరువు పెరిగారు. డాక్టరు ఇక బయటికి రావచ్చన్నా ఆ గది వదల్లేదు. పిల్లలు తలుపు దగ్గర నిలబడి కబుర్లు చెబితే మాస్కు సర్దుకుని వినేవారు. రిపోర్టు వచ్చిన రోజు సాయంత్రం డాక్టరమ్మ ఫోను చేసింది. ఆయన స్పీకరులో పెట్టారు. ఉందట. మనుషులకు వచ్చే రకమేనట. మందు ఏడాదికి పైగా పడుతుందట, బెల్లంలో పెట్టి ఇస్తారట, తింటుందో లేదో చూడాలట. ఈయన ఒక్కటే అడిగారు, తన నుంచేనా అని. అది ఎప్పటికీ చెప్పలేమండి, మీకే దాని నుంచి వచ్చి ఉండొచ్చు, ఇద్దరికీ ఇంకెవరి నుంచో వచ్చి ఉండొచ్చు అందామె. పార్కుకు మాత్రం ఇప్పట్లో రావద్దంది.

ఫోను పెట్టేశారు. నేను వెళ్లిపోబోతుంటే పిలిచారు.

"పిల్లల మీద ఊదుతుంటే నీకు నచ్చకపోయేది గదమ్మా."

నేను వెనక్కి వచ్చి తలుపు దగ్గరగా వేశాను.

"నాకెర్కనే. నువ్వే చెప్తవని చూసిన. చెప్పకపోతివి. నేనూ ఇడువకపోతి."

అందులో నిష్ఠూరమేమీ లేదు. ఉన్నా బాగుండేది, ఏదో ఒకటి సంజాయిషీ చెప్పుకునేదాన్ని. అన్నం తింటారా మామయ్యగారూ అని మాత్రం అడిగాను. తింటానన్నారు. తిన్నారు కూడా.

మర్నాడు స్కూలు బస్సు రావడానికి పావుగంట ముందు, జడ వేయించుకుంటూ మా అమ్మాయి అడిగింది, అత్తకు జబ్బు తాతే అంటించాడా అని. తలుపుల వెనకాల పిల్లలకు వినపడదని పెద్దవాళ్లం అనుకుంటాం. మామయ్యగారి గదిలో చెంచా చప్పుడు ఆగింది. మా వాడు తేనెలో నూరిన మాత్ర నోట్లో పెట్టుకుని మింగకుండా నా ముఖం చూస్తున్నాడు. తెలీదన్నాను. తాతకి తెలీదు, డాక్టరాంటీకి తెలీదు, అత్తకి అసలే తెలీదు, ఎవరూ కావాలని చెయ్యలేదు అని చెప్పాను. మరి తాత మళ్లీ అత్త దగ్గరికి ఎప్పుడు వెళ్తాడని వాడు మాత్ర నోట్లో ఉండగానే అడిగాడు.

"అదీ తెలీదు నాన్నా. ఇద్దరూ మందులు వేసుకోవాలి, రోజులు గడవాలి. రోజులు వాటంతట అవే గడవాలి, మనం తోస్తే కదలవు."