ట్రాక్టరు ట్రాలీ మీంచి నా ప్రాక్టికల్ పరీక్ష

ఆ రోజుల్లో ఆవు అంటే నాకు గోడకు వేలాడే పటం. కడుపు కోసి చూపిస్తూ, నాలుగు అరలకు నాలుగు రంగులు పూసిన పటం. పదో తరగతి తర్వాత పశువుల డిప్లొమాలో చేరిన మాకు రెండేళ్ల పాటు ఆ పటమే పాఠం, ఆ పటమే పశువు. (భద్రాచలం అవతల మా ఇంట్లో ఆవులు లేకపోలేదు. కానీ వాటి లోపల ఇన్ని ఇంగ్లిషు పేర్లున్నాయని అప్పటిదాకా మాకూ తెలియదు, వాటికీ తెలియదు.) ప్రాణమున్న ఆవు కాలేజీ మొత్తానికి ఒక్కటే. ఎన్ని బ్యాచుల చేతులు పడ్డాయో గానీ, తెల్ల కోటు కనబడితే చాలు, పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రంలోకి తనంతట తానే నడిచి వెళ్లి నిలబడేది. సూది గుచ్చుతుంటే నెమరు వేసుకునేది. దాన్ని మేం లెక్చరర్ మేడం అనేవాళ్లం. కాలేజీకి రోజూ టైముకు వచ్చేది అదొక్కతే మరి.

పేరు రిజిస్టరై, డాక్టరు పర్యవేక్షణలో సూది పట్టే అనుమతి రావాలంటే డిప్లొమా ఉండాలి. డిప్లొమా రావాలంటే ప్రాక్టికల్స్ పాసవ్వాలి. ప్రాక్టికల్స్ జరగాలంటే పట్నం నుంచి ఎగ్జామినర్ దిగాలి. ఇన్ని షరతులు రాసిన పెద్దమనుషులకు మధ్యలో పశువు కూడా ఒకటి ఉంటుందన్న సంగతి ఎందుకో తోచలేదు. తీరా పరీక్షల ముందు మా లెక్చరర్ మేడానికి జ్వరం వచ్చింది. అది మేత ముట్టకపోతే, జ్వరం చూడటంలో రెండేళ్ల శిక్షణ పొందిన మేమంతా కలిసి, పాపం అలిగిందని తేల్చాం. చివరికి పరీక్షను అడవంచున ఒక గూడేనికి మార్చారు. పరీక్ష తప్పితే నేను ఇంకో ఏడాది ఆగాలి. మా మేనమామ అప్పటికే ఊరంతా నన్ను డాక్టరమ్మను చేసేశాడు. ఎవరి గొడ్డుకు సుస్తీ చేసినా, "మా పిల్ల వస్తది, ఆగుండ్రి" అంటున్నాడట.

ఎగ్జామినర్ గారు కారు దిగారు. ఇస్త్రీ ప్యాంటు, తెల్ల బూట్లు, మనిషి కంటే ముందు సెంటు వాసన. (పశువులను పరీక్షించే వారిని పరీక్షించే మనిషి పశువు దగ్గరికి రావాలని రూలు లేదనుకుంటాను.) కారు తలుపు పట్టుకునే, చట్రం ఎక్కడుందని అడిగారు. ఆవు యజమానురాలు ఒక ముసలామె. "గదేంది సారూ? మా తాన ఆవే ఉంది" అంది. ఆ ఆవు ఎప్పుడూ అడవిలో మేసి రావడమే గానీ ఒంటి మీద తాడు ఎరగదు. ఆ పూట ఎలాగో గుంజకు కట్టారు. నా నంబరు పిలిచారు. జ్వరం చూడమన్నారు. కాలేజీలో నేర్పినట్టే నేను పక్క నుంచి వెళ్లాను, నేర్పినట్టే తోక ఎత్తాను, నేర్పినట్టే థర్మామీటరు పెట్టాను. నెమరు వేస్తూ నిలబడాలని మాత్రం ఈ ఆవుకు ఎవరూ నేర్పలేదు. ఒక్క గుంజుడుకు తాడు తెంపుకుని, థర్మామీటరుతో సహా, అందరిలోకీ తెల్లగా మెరుస్తున్న ఎగ్జామినర్ గారి వైపే ఉరికింది.

ఆయన అంత వేగంగా కదలగలరని నేను అనుకోలేదు. పక్కనే పత్తికట్టె నింపిన ట్రాక్టరు ట్రాలీ ఉంటే ఒక్క ఊపులో ఎక్కేశారు. ఆవు కింద నిలబడి ఆయన బూట్ల వైపు చూస్తూ బుసలు కొట్టసాగింది. పత్తికట్టె ప్యాంటులోంచి గుచ్చుతుంటే ఆయన అటూ ఇటూ కదులుతూనే ఆవును పట్టుకోమని నాకు చెప్పారు.

"పట్టుకోవడం సిలబస్‌లో లేదు సార్" అన్నాను. వెటకారానికి కాదు, భయంతో ఉన్నమాట చెప్పాను.

ఆయన హోదా తగ్గకుండా, ఆవు కడుపులో అరలెన్నో అక్కడి నుంచే అడిగారు. నేను కింద నుంచి గొంతెత్తి నాలుగు పేర్లూ అప్పజెప్పాను. పేరు పేరుకూ ఆవు తల విదిలించింది. తర్వాత జ్వరమెంత అని అడగబోయి, థర్మామీటరు ఎక్కడుందో గుర్తొచ్చి, "నూటొకటిన్నర వేసుకుంటున్నా" అని, ఆరోగ్యంగా ఉన్న ఆవుకు పుస్తకంలో ఉండే అంకె తానే రాసుకున్నారు. నేను పాస్. నా వెనకాల వాళ్లు కూడా, ఆవును ముట్టకుండానే, వరసగా పాస్. ఇంతలో దూడ అరిస్తే ఆవు అటు వెళ్లిపోయింది. ఆయన ఒళ్లంతా పుల్లలతో, వణుకుతూ దిగారు.

ముసలామె నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది. "బిడ్డా, సారుకే సూది ఎయ్యాల్నా? ముందల చెప్పొచ్చు గదా. ఊకె నా ఆవును కట్టేయించిండ్రు."

రిజిస్ట్రేషన్ కాగితం చేతికొచ్చిన రోజు ఖమ్మం నుంచి మా ఊరికి బస్సులో తెల్ల కోటు వేసుకునే బయలుదేరాను. మండుటెండలు. కండక్టరు నర్సనుకుని బీపీ చూడమన్నాడు. నేను పశువులకు మాత్రమే అని బస్సంతా వినబడేటట్టు చెప్పాను. వెంటనే వెనక సీటావిడ సంచిలోంచి కోడిని తీసి, "తూగుతున్నది, జెర సూడమ్మా" అంది. స్టెతస్కోపు దాని రొమ్ముకు ఆనించి కళ్లు మూసుకున్నాను. బస్సు ఇంజను తప్ప ఏమీ వినబడలేదు. ఎండకు తూగుతోందని, నీళ్లు పట్టమని చెప్పాను. ఆవిడ నీళ్లు పట్టింది, అది కళ్లు తెరిచింది. ఆవిడ లేచి కిటికీ పక్క సీటు నాకిచ్చింది.

ఇప్పుడు ఖమ్మంలోనే, ఖానాపురం హవేలిలో ఉంటున్నాను. పని కొంత వచ్చు. అది నాకు కాలేజీ నేర్పలేదు, ఎన్నో ఆవులు తన్ని నేర్పాయి. అయినా, చెమటలు కారుతున్నా కోటు గుండీ ఒక్కటీ విప్పకుండా, కిటికీ పక్కన నిటారుగా కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఏమీ రాని ఆ రోజున కూర్చున్నంత ధీమాగా మళ్లీ ఏ బస్సులోనూ కూర్చోలేకపోయాను.