అవ్వ కోసం కోసిన కుర్చీ కాళ్ళు

పాటలు వినడానికి మంచి కుర్చీ కొనుక్కుంటానని మనవరాలు ఈ రోజు నన్ను బెంగళూరులోని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక దుకాణానికి తీసుకెళ్ళింది. కొత్త పేము వాసన తగలగానే 1940ల నాటి, ఇదే ఊళ్ళోని మా ఇల్లు కళ్ళముందుకొచ్చింది.

నా ఈడు వాళ్ళారా, కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను గుర్తుందా? మా తాత హాల్లో దర్జాగా కూర్చుని వినేవాడు. అవ్వ మాత్రం మోకాళ్ళ నొప్పితోనే వంటింటి గడప దగ్గర నిలబడి వినేది. మగవాళ్ళ ముందు ఆడవాళ్ళు కుర్చీలో కూర్చోకూడని రోజులవి.

ఒకనాడు తాత నన్ను వెంటబెట్టుకుని అంగడికి వెళ్ళాడు. ప్రతి కుర్చీలోనూ కళ్ళు మూసుకుని కూర్చుని చూసి, చివరికి ఒక పేము కుర్చీ తెచ్చి హాల్లో వేశాడు.

"ఇది నీకే. కూచో," అన్నాడు అవ్వతో.

"అందరూ చూస్తాండారు."

"చూడనీ."

అవ్వ బెరుగ్గా కూర్చుంది. పాదాలు నేలకు అందలేదు. తాత వెళ్ళి రంపం తెచ్చాడు.

"అయ్యో, కొత్త కుర్చీ కదప్పా!" అంది అవ్వ.

"నీకు సరిపోకుంటే కొత్తదైతే ఏమి?"

నాలుగు కాళ్ళూ పొట్టిగా కోసి, రికార్డు పెట్టాడు. కాసేపటికి అవ్వ బొటనవేలు నేలమీద తాళం వేయడం చూశాను.

మరునాటి నుంచి రికార్డు పెట్టేముందు తాత అవ్వవైపు తిరిగి అడిగేవాడు:

"ఈ పొద్దు ఏం విందాము?"