అలసంద వేరులో కొలిమి

మా ఆయన తుడియలూరులో పంపులు చేసే పట్టరలో, అదే చిన్న కార్ఖానాలో, ఇనుము కరిగించి పోసేవారు. నిప్పు లేకుండా లోకంలో ఏదీ తయారు కాదనేవారు. ఆయన పోయాక, ఇంటి వెనక అరెకరంలో నేనే అలసంద చల్లాను. మొలకలు బాగానే వచ్చాయి. తీరా ఆకులు విచ్చుకున్నాక, ఏమో, పాలిపోయాయి.

మరిది వచ్చి ఒక మొక్క పీకి చూశాడు. వేరు పొడుగునా ఆవగింజలంత బుడిపెలు.

"వదినా, వేరుకు నోవు, తెగులు పట్టి ఉండాది. ఈ మన్ను చచ్చిపోయె. దున్నేసి షెడ్డు కట్టేవాళ్లకు ఇచ్చేద్దుము. సాయంత్రం ట్రాక్టరు వస్తాది."

"మన్నుకు నాడి చూసినావా, డాక్టరూ?" అన్నాను. ఆ మొక్కను చేతిలోకి తీసుకున్నాను. ఆయన నడిచి తిరిగిన నేల ఇదొక్కటే మిగిలింది నాకు.

పీలమేడు కాలేజీలో పాఠాలు చెప్పే మా కోడలు అప్పుడే బస్సు దిగి వచ్చింది. మొక్క అందుకుని, ఒక బుడిపెను గోటితో చీల్చింది. లోపల లేత ఎరుపు, పసిబిడ్డ చిగుళ్లలాగా.

"నోవు కాదు అత్తా. దీంట్లో కంటికి కనబడని జీవాలు ఉండాయి. వాటి దగ్గర ఎంజైమని ఒకటి ఉండాది. అది గాలిలో నైట్రోజన్ పట్టి అమ్మోనియా చేస్తాది. అదే చెట్టుకు ఎరువు."

"అంటే యూరియా ఉప్పా?" అన్నాడు మరిది.

"దానికి అక్క, చిన్నమామా. ఫ్యాక్టరీలో అమ్మోనియా చెయ్యాలంటే కొలిమంత వేడి కావాల. ఇది తడి మన్నులో చల్లగా చేస్తాది. ఆక్సిజన్ ఎక్కువైతే చెడిపోతాది, అందుకే ఈ ఎరుపు కావలి కాస్తాది. ఇప్పుడే పని మొదలుపెట్టి ఉండాది, ఎరువు ఇంకా ఆకుకు చాలలేదు. ఆకు పచ్చబడేదాకా కొంచెం ఓర్చుకోండి."

మరిది ఆ బుడిపెను అరచేతిలో పెట్టుకుని వేలితో తాకి చూశాడు.

"నిప్పు లేకనా?" అన్నాడు. అచ్చం వాళ్లన్న గొంతే. ఫోను తీసి ట్రాక్టరు వద్దని చెప్పాడు.

వాళ్లు కాఫీకి లోపలికి పోయారు. నేను గట్టు మీద ఒరిగాను. గాలి ఆకుల మీదుగా పోతూ పోతూ మన్నులోకి దిగుతున్నట్టే ఉంది. కింద ఆ చీకట్లో ఎన్నెన్ని చిన్న కొలుములో. పొగ లేదు, సెగ లేదు, చప్పుడు లేదు. కునుకు పట్టి కన్ను మూతపడింది. ఆయన పని ముగించుకుని వచ్చి పక్కన కూర్చున్నారు. ఎప్పుడూ కాలుతూ ఉండే ఆ చేతులు, తడి మన్నులా చల్లగా ఉన్నాయి.