మళ్ళీ ఉడకబెట్టమన్న డాక్టరుగారు

నిన్న మా మనవరాలు పంటినొప్పికి లవంగనూనె రాసుకుని నా ఎదురుగా కూర్చుంది. తాత పళ్ళ డాక్టరైతే ఏం, ఇంట్లోవాళ్ళకు వంటింటి వైద్యం మీదే గురి. ఆ ఘాటు ముక్కుకు తగలగానే అబిడ్స్‌లో మా విఠల్‌రావుగారి పళ్ళ దవాఖాన గుర్తొచ్చింది. నిజాం కాలం, ఎక్కడో యుద్ధం నడుస్తున్న రోజులు. అప్పుడే చదువు ముగించుకుని వచ్చిన నన్ను ఆయన పనిలో చేర్చుకున్నారు. నాకు తెలియనిదేముందిలే అనుకునే వయసు నాది.

ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. మరిగే నీళ్ళలోంచి తీసిన పనిముట్టుకు చెయ్యిగానీ బట్టగానీ తగిలిందా, తగిలించినవాడు రోగి వినేటట్టు "తగిలింది" అని పైకి చెప్పాలి. దాన్ని మళ్ళీ మొదటినుంచీ ఉడకబెట్టాలి. మేము చాటున "డాక్టర్ సాబ్ మడి" అని నవ్వుకునేవాళ్ళం. మడి పాటించే ఇళ్ళల్లో మనుషుల్ని దూరం పెడతారు. ఈయన మాత్రం టాంగా తోలేవాణ్ణీ జాగీర్దారునూ ఒకే కుర్చీలో కూర్చోబెట్టేవారు. "మెల్లగ చెప్తే సరిపోదా సాబ్?" అని ఒకసారి అడిగాను.

"మెల్లగ చెప్పేటోడు రేపు మనసుల చెప్పుకుంటడు. ఎల్లుండి గా మాటగూడ ఉండది," అన్నారు.

ఒక మధ్యాహ్నం మా దవాఖాన ఉన్న భవనం యజమాని, ఒక సేటు, బుగ్గ వాచి చిరాకుగా వచ్చాడు. పన్ను తీసేయక తప్పదు. దానికి సరిపోయే పటకారు మా దగ్గర ఒక్కటే ఉండేది. యుద్ధం వల్ల సీమసరుకు దొరకడం లేదు. డాక్టరుగారు దాన్ని నీళ్ళలోంచి ఎత్తి తెస్తుంటే ఆయన కోటు చెయ్యే దాని మొనకు రాసుకుంది. సేటు కళ్ళు మూసుకుని ఉన్నాడు. చూసింది నేనొక్కణ్ణే.

"తగిలింది," అన్నారు డాక్టరుగారు. "మళ్ల ఉడకబెట్టాలె సేట్, జర ఆగున్రి."

"నొప్పికి పానం పోతున్నది. బట్టనే గద తగిలింది! ఏం గాదు, గుంజెయ్యి."

"గిట్లైతే నేను గుంజను."

సేటు దిగ్గున లేచాడు. "నా జాగల ఉండుకుంట నన్నే కూసోబెడ్తవా? ఖాళీ చెయ్యి," అని బుగ్గ పట్టుకుని వెళ్ళిపోయాడు. అన్నంత పనీ చేశాడు.

నాంపల్లి స్టేషను వెనక సందులో చిన్న గది దొరికింది. పాత రోగుల్లో చాలామంది అక్కడిదాకా రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకరోజు ఉండబట్టలేక, "గా ఒక్క మాట మింగితే అయిపోతుండె కద సాబ్!" అనేశాను.

ఆయన కోప్పడలేదు. "నాకు బాధ లేదనుకున్నవా? మస్తున్నది. గాని గా పొద్దు మింగినట్లయితే ఇయ్యాల నీకేం నేర్పేటోణ్ణి?" అన్నారు.

కొన్నేళ్ళకు ఆయనకే దవడ పన్ను పుచ్చింది. పేరున్న డాక్టర్లు ఊళ్ళో ఎందరున్నా, నా ముందే కుర్చీలో కూర్చున్నారు. నాకు గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. పటకారు తెస్తుండగా నా మణికట్టు దానికి తగిలింది. ఆయన కళ్ళు మూసుకుని, రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుని ఉన్నారు. ఆ బాధ చూడలేక, పని కానిచ్చేద్దామని ఒక్క క్షణం అనిపించింది.

"తగిలింది సాబ్," అన్నాను.

ఆయన కళ్ళు తెరిచారు. నిండా నీళ్ళు. "ఔ. కూసుంట. ఉడకనియ్యి," అని చెంపకు చెయ్యి ఆనించుకున్నారు. ఆ పటకారు ఉడికినంతసేపూ ఒక్కసారైనా తొందరపెట్టలేదు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. "తగిలింది" అనగానే విసుక్కుని లేచిపోయే రోగులు ఇప్పటికీ ఉన్నారు. అప్పుడు నా దగ్గరి కుర్ర డాక్టర్లు, ఈ ఒక్కసారికి పోనిద్దామా అన్నట్టు నా ముఖం వంక చూస్తారు. నాకు మాత్రం చెంపకు చెయ్యి పెట్టుకుని కూర్చున్న ఆయనే కనిపిస్తారు. అంత నొప్పిలో ఆయన ఆగారు. ఇక ఎవరికోసం తొందరపడను?

"నీళ్ళు పెట్టండి," అంటాను.