మడ్‌గార్డ్ మీద గోనెసంచి

మా చిన్నప్పుడు నేను అసలు ట్రాక్టరు దిగేదాన్నే కాదట... ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి బయట ఎవరు దొరికినా మా పిన్ని ఇదే చెబుతుంది. “దీనికి ట్రాక్టరంటే ప్రాణమండీ. అన్నానికి పిలిచినా దిగేది కాదు. అందుకే మెకానికల్ చదివింది!” విన్నవాళ్ళు మురిసిపోతారు.

దిగేదాన్ని కాదు, నిజమే. దిగనిచ్చేవాళ్ళు కాదు.

మా మామిడి తోట ఆగిరిపల్లి దగ్గర. పూత మీద తేనెమంచు పురుగు పడిందంటే, ట్రాక్టరును చెట్ల మధ్య నిలబెట్టి, ఆ ఇంజనుతోనే స్ప్రేయర్ తిప్పి మందు కొట్టేవాళ్ళు. నాన్న పైపు పట్టుకునేవాడు. బాబాయి అజమాయిషీ. ట్రాక్టరు నాకంటే చాలా పెద్దది వయసులో... దాని చేతి యాక్సిలరేటర్ లివర్ అరిగిపోయి, పెట్టిన చోట నిలవక, ఇంజను అదురుకి కిందికి జారిపోయేది.

దానికి మా బాబాయి కనిపెట్టిన రిపేరు నేను. బడి లేని రోజల్లా మడ్‌గార్డ్ మీద గోనెసంచి వేసి కూర్చోబెట్టి, లివర్ నా చేతికిచ్చేవాడు.

“చెయ్యి తీశావో, చూస్కో!”

ఇంజను ఒక్క తీరుగా నడిచేది కాదు. ఉన్నట్టుండి గీపెట్టేది... అంతలోనే నీరసపడేది... మళ్ళీ గీపెట్టేది. నీరసపడినప్పుడల్లా మందు కొమ్మల దాకా ఎక్కక నా మీద రాలేది. వెంటనే నెత్తిన బాబాయి మొట్టికాయ.

“పొద్దున తిన్న చద్దన్నం ఏమైందే? ఊరికే పట్టుకుని కూర్చోడానికీ బలం లేదా నీకు?”

నాన్న పైపు వైపే చూసేవాడు.

ఒకరోజు బాబాయి మందు కలుపుకోడానికి డ్రమ్ము దగ్గరికెళ్ళినప్పుడు, లివర్ని పురికొసతో బిగించి కట్టేశాను. రెండు చేతులూ పైకెత్తి కూర్చున్నాను. ఇంజను ముందులాగే పైకీ కిందికీ ఊగింది.

“చూడు బాబాయ్! నేను పట్టుకోలేదు! అదే ఊగుతోంది!”

బాబాయి చూశాడు. నాన్న చూశాడు. తప్పు నా చేతిది కాదని ఇద్దరికీ అర్థమైంది.

బాబాయి కొడవలితో పురికొస తెంపేశాడు. “పైపు పగిలితే గబుక్కున తగ్గించాలి. అప్పుడు నీ ముడి ఎవడు విప్పుతాడే?” అని మళ్ళీ లివర్ నా చేతిలో పెట్టాడు.

“పోనీ మెకానిక్కుని పిలుద్దామేంట్రా?” అన్నాడు నాన్న, మెల్లగా.

“ఎందుకన్నయ్యా, పిల్ల ఉందిగా!”

ఆ తర్వాత కూడా ఇంజను నీరసపడినప్పుడల్లా నాకు మొట్టికాయ పడింది. అంతకుముందు తెలియక కొట్టేవాడు... ఆ రోజు నుంచి తెలిసి కొట్టాడు.

మొన్న పూత సమయానికి ఇంటికి వెళ్ళాను. పక్క తోటలో డ్రోను మందు కొడుతోంది. మా తోటలో అదే ట్రాక్టరు, అదే ఊగడం. “ఇంజనీరమ్మా, నీ ప్రాణం ఇదేగా, కాస్త చూడు!” అంది పిన్ని.

చూశాను. డీజిలు లైనులో గాలి తీశాను... ఊగింది. ఫిల్టరు మార్చాను... ఊగింది. అప్పుడు గవర్నర్ దగ్గర విప్పాను. బరువు పెరిగితే డీజిలు పెంచి, తగ్గితే తగ్గించి ఇంజనును ఒక్క తీరున నడిపించేది అదే. దాని రాడ్డు చివర పిన్ను అరిగిపోయి వదులైంది. గవర్నర్ ముందు కదులుతోంది, డీజిలు తర్వాత కదులుతోంది... అందుకే ఇంజను ఒకసారి ఎక్కువైపోతుంది, ఒకసారి తక్కువైపోతుంది. చిటికెన వేలంత పిన్ను. నూజివీడు లేత్ షాపులో ఒక పూట పని.

అన్నీ మళ్ళీ ఉన్నవి ఉన్నట్టే బిగించేశాను.

“దొరికిందా?” అన్నాడు బాబాయి.

“దొరికింది బాబాయ్.”

“మరి బాగుచెయ్యవే!”

“ఎందుకు? నువ్వున్నావుగా!”

పిన్ని నవ్వింది, జోకనుకుని. నేను గోనెసంచి మడిచి మడ్‌గార్డ్ మీద వేశాను. బాబాయి మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ ఎక్కాడు. పూత ఆగదు కదా, పురుగూ ఆగదు. కాసేపటికి ఇంజను నీరసపడింది, మందు ఆయన బట్టతల మీద రాలింది.

“గట్టిగానే పట్టుకున్నానే!” అని అరిచాడు.

“తెలుసు బాబాయ్.”

నాన్న పైపు వైపే చూస్తున్నాడు.

ఇప్పుడు మా వైపు పూత రోజుల్లో ట్రాక్టర్ల మోత తగ్గిపోయింది... తల మీద డ్రోన్ల రొద. ఏ తోటలోనూ మడ్‌గార్డ్ మీద ఆడపిల్ల కనిపించడం లేదు. మీ ఇంట్లో కూడా మీ చిన్నతనం గురించి ముద్దుగా చెప్పుకునే కథ ఒకటి ఉండే ఉంటుంది... అసలు జరిగిందేంటో కింద మీరు రాయండి.

ఆ పిన్ను మాత్రం నేను మార్చను.