సంచిలోంచి టక్ టక్

కంకిపాడు బస్సులో మనం నిలబడితే, కూర్చున్నవాళ్ళు మన సంచి అడిగి ఒళ్ళో పెట్టుకుంటారు. అది మర్యాద. నాకు మాత్రం ఆ మర్యాద మీద మొదటినుంచీ నమ్మకం లేదు. ఆ రోజు పటమట దగ్గర రద్దీ పెరిగింది. కిటికీ పక్కనున్న పెద్దాయన "ఇటివ్వండి" అంటూ నా సంచి లాగేసుకున్నాడు.

అందులో జాయ్‌స్టిక్ ఉంది. వెనకటి వీడియో గేమ్ పార్లర్లలో ఉండేలాంటి పెట్టె ఇంట్లో సొంతంగా చేసుకుంటున్నాను. వన్ టౌన్‌లో కొట్టు కొట్టూ తిరిగి, వంచి వదిలితే తిన్నగా మధ్యకొచ్చి నిలబడేదాన్ని ఏరి కొన్నాను. వైర్లు కూడా సంచిలోనే ఉన్నాయి.

కాసేపటికి సంచిలోంచి టక్ టక్‌మని వినిపించింది. ఆయన చెయ్యి లోపలే ఉంది!

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను, సంచి పట్టీ గట్టిగా పట్టుకుని.

ఆయనేమీ తడబడలేదు. "గేమ్ పార్లర్‌లో ఉండేదే కదండీ ఇది? ఒకటే కొన్నారేంటి? మీతో ఎవరాడతారు?"

"ఎవరూ ఆడరండీ. నేనొక్కణ్ణే."

"అయ్యో" అని సంచి నా చేతికిచ్చి, పోరంకిలో దిగిపోయాడు. బస్సు కదలగానే అన్నీ తడిమి చూసుకున్నాను. ఏదీ పోలేదు. అయినా అనుమానం తీరక ఇంటికెళ్ళాక మళ్ళీ చూశాను.

తర్వాత రెండో జాయ్‌స్టిక్ కూడా కొన్నాను. వైర్లు కలిపి, మొదటిదాని పక్కనే బిగించాను. చక్కగా పనిచేస్తుంది. దాంతో ఆడటానికి ఇంతవరకు ఎవరూ రాలేదు. బెల్లు మోగితే నేనింకా కిటికీలోంచే "ఎవరు కావాలండీ?" అంటున్నాను.